మొదటిసారి డబ్బులకి డీజే ఒప్పుకున్నాను, ఏం చూసుకోవాలి?

అడిగింది: “మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఏడాదిగా ఇంట్లో చిన్న కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటల్ని మార్చే, కలిపే పెట్టె) మీద నేర్చుకుంటున్నాను. స్నేహితుల పుట్టినరోజులకి ఊరికే వేశాను. ఇప్పుడు పాలకొల్లులో ఒక రిసెప్షన్‌కి ఆరు వేలు ఇస్తామన్నారు. స్పీకర్లు హాలు వాళ్లవే. పాటలు ఎలా కట్టుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి, డబ్బు ఎప్పుడు అడగాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.”

తమ్ముడూ, నీకు పాటల గురించే బెంగ ఎక్కువ ఉన్నట్టుంది. నేను అమలాపురం చుట్టుపక్కల పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నా ప్రోగ్రాంలు చెడిన రోజులు వేళ్ల మీద లెక్కేసుకుంటే, మిక్సింగ్ (ఒక పాటలోంచి ఇంకో పాటలోకి కలపడం) తప్పి చెడింది ఒక్కటీ లేదు. కరెంటు వల్ల చెడ్డాయి, వానకి చెడ్డాయి, పెళ్లికొడుకు బాబాయికీ పెళ్లికూతురి మేనమామకీ మాటామాటా పెరిగి చెడ్డాయి, వైరు మర్చిపోయి ఒకటి చెడింది. పాట మారేటప్పుడు గతుకు పడితే నీకూ, నీలాంటి ఇంకో డీజేకీ తప్ప ఎవరికీ తెలియదు. పాట ఆగిపోతే మాత్రం వంటవాడితో సహా అందరూ తలెత్తి నీ వైపే చూస్తారు. అందుకని పాటల సంగతి చివర్లో చెబుతాను.

ముందు డబ్బు. స్పీకర్లు నీవి కావు, బండి కిరాయి లేదు కాబట్టి మొదటి ప్రోగ్రాంకి ఆరు వేలు ఫరవాలేదు. నేను మొదటిసారి పదిహేను వందలకి వేశాను. సామాను ముక్తేశ్వరం రేవు నుంచి పంటు మీద కోటిపల్లికి దాటించి, అక్కడి నుంచి ఆటో కట్టించుకుంటే అందులో సగం దారిలోనే పోయింది. రేటు ఎంతన్నదాని కంటే, ఆ రేటులో ఏమేం కలిసి ఉన్నాయన్నది ముందే తేల్చుకోవాలి. ఏ రోజు, ఏ హాలు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, స్పీకర్లు ఎవరివి, మైకు ఎవరిది, జనరేటర్ ఉందా, టైము దాటితే గంటకి ఎంత, అడ్వాన్స్ ఎంత ముట్టింది. ఇవన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసి పంపి, చివర “సరేనా అండీ” అని అడుగు. అవతల నుంచి “ఓకే” వస్తే అదే నీ కాగితం. మన వైపు పనులన్నీ నోటి మాట మీదే నడుస్తాయి కదా, రాసి పంపితే అనుమానిస్తున్నాడనుకుంటారేమోనని నీకు మొహమాటం వస్తుంది. “నేను మర్చిపోకుండా ఉండటానికి పంపుతున్నానండీ” అను. ఎవరూ ఏమీ అనుకోరు.

సగం అడ్వాన్స్ తీసుకో. మిగతా సగం డాన్సులు మొదలయ్యే ముందే తీసుకో, అయ్యాక కాదు. ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఒక పెళ్లిలో రాత్రి పదకొండున్నరకి వైర్లు చుట్టుకుని డబ్బు అడిగాను. ఈవెంట్ ఆయన “ఆడపెళ్లి వాళ్లు ఇస్తారు” అన్నాడు. పెళ్లికూతురి అన్నయ్య “మేం మొత్తం ఈవెంట్ ఆయనకే ఇచ్చేశాం” అన్నాడు. వాళ్ల నాన్నగారు పాపం మంచాయన, “పొద్దున్నే ఇంటికి రా బాబూ” అన్నారు. పొద్దున వెళ్తే తలుపుకి తాళం. అంతా కలిసి అన్నవరం వ్రతానికి వెళ్లారు. ఆ డబ్బు మూడు వారాల తర్వాత వచ్చింది, ఒక డబ్బా పూతరేకులతో సహా. వాళ్లకి ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. పెళ్లయిపోయాక ఎవరి జేబులో ఎంత మిగిలిందో ఆ ఇంట్లో వాళ్లకే తెలియదు, అంతే. నీకు డబ్బిచ్చే మనిషి ఎవరో ముందే తెలుసుకుని, ఆయన నంబరు ఒక్కటి దగ్గర పెట్టుకో.

ఇదే సందర్భంలో ఇంకో మాట. రెండు ప్రోగ్రాంలు తగలగానే స్పీకర్లు కొందామనిపిస్తుంది, ఈఎంఐ ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. ఆగు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ధనుర్మాసంలో ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు. ఈఎంఐకి మూఢం ఉండదు. మొదటి రెండేళ్లు సౌండ్ అద్దెకి తెచ్చుకో. కొంటే మంచి హెడ్‌ఫోన్స్, మంచి వైర్లు, ఒక మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే చిన్న మీటరు) కొనుక్కో.

మల్టీమీటర్ ఎందుకంటావా. ముమ్మిడివరం అవతల ఒక కొబ్బరితోటలో ఓణీల ఫంక్షన్. రాత్రి ఎనిమిదిన్నరకి కరెంటు పోయి జనరేటర్ మీదకి మారాం. రెండు పాటలు అయ్యాయి. తోరణానికి కట్టిన బల్బులు ఉన్నట్టుండి తెల్లగా వెలగడం మొదలుపెట్టాయి. జనరేటర్ కుర్రాడు “అన్నా, ఇప్పుడు చూడండి లైటింగు” అని మురిసిపోయాడు. నా పక్కనున్న పెడస్టల్ ఫ్యాను ఈల వేస్తున్నట్టు తిరిగింది. ఎండాకాలం కదా, నేనూ బాగుందనే అనుకున్నాను. అర నిమిషంలో ఏదో కాలిన వాసన, ల్యాప్‌టాప్ అడాప్టర్‌లోంచి సన్నగా పొగ, మిక్సర్ లైట్లు ఆరిపోయాయి.

జరిగిందేమిటంటే, మూడు ఫేజుల జనరేటర్ దగ్గర న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) బోల్టు వదులైంది. న్యూట్రల్ ఊడితే మూడు ఫేజులూ తమ మీదున్న లోడుని బట్టి వోల్టేజిని పంచుకుంటాయి. లోడు ఎక్కువున్న ఫేజులో వోల్టేజి పడిపోతుంది, తక్కువున్న ఫేజులో 230 ఉండాల్సింది 300 దాటి 400 వైపు ఎగబాకుతుంది. కూలర్లు, వంట దగ్గర గ్రైండర్లు ఒక ఫేజు మీద, యాంప్లిఫయర్లు ఇంకో దాని మీద, నేనూ నాలుగు బల్బులూ ఫ్యానూ మూడో దాని మీద. దెబ్బ నాకే తగిలింది.

అప్పటి నుంచి ఏ బోర్డులో ప్లగ్గు పెట్టాలన్నా ముందు మీటరు పెట్టి చూస్తాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 220, 240 మధ్యలో ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటో రెండో వోల్టులు ఉంటే సరే, పదులు చూపిస్తే ఎలక్ట్రీషియన్ని పిలిపించు. లైన్ నుంచి జనరేటర్‌కి మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. లైట్లు ఉన్నట్టుండి ఎక్కువ వెలిగినా, ఒక వైపు మసకబారి ఇంకో వైపు మెరిసినా, ఆలోచించకుండా నీ ప్లగ్గు పీకెయ్. పాట ఆగినా ఫరవాలేదు. కూలర్లు, గ్రైండర్లు, సీరియల్ లైట్లు ఉన్న బోర్డులో నీ సామాను పెట్టకు.

ఎర్త్ గురించి కూడా. స్పీకర్లలోంచి “మ్‌మ్‌మ్” అని సన్నగా హమ్ వస్తుంటే, ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. ఒక్కోసారి పోతుంది కూడా. ఆ పని మాత్రం చెయ్యకు. తడి నేల మీద చెప్పుల్లేకుండా మైకు పట్టుకున్న పెద్దావిడకి షాక్ తగిలితే ఎవరిది బాధ్యత? ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడు, చాలాసార్లు హమ్ అక్కడి నుంచే వస్తుంది. నీ కంట్రోలర్, హాలు మిక్సర్ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా చూడు. అప్పటికీ ఉంటే డీఐ బాక్స్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, అది మధ్యలో పెడితే పోతుంది. తోటల్లో వేసేటప్పుడు మనకున్న అదృష్టం ఏమిటంటే డెల్టా నేలలో లోతు తవ్వకుండానే తడి తగులుతుంది, రాడ్డు దిగేస్తే ఎర్త్ బాగా దొరుకుతుంది. ఎండాకాలం అయితే రాడ్డు చుట్టూ ఒక బిందెడు నీళ్లు పోయించు.

హాలు సౌండ్ చూసే మనిషితో స్నేహం చేసుకో. వయసులో పెద్దాయనైతే “బాబాయ్” అని పిలు, వెళ్లగానే “మీ సిస్టం ఎంతదాకా తట్టుకుంటుందండీ” అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన నీ వాడైపోతాడు. ఆయనకి కొత్త డీజేలంటే భయం, ఎందుకంటే కుర్రాళ్లు “సౌండ్ పెంచన్నా” అనగానే వీళ్లు మాస్టర్ నాబ్ ఎర్ర లైటు దాకా తిప్పేస్తారు. ఎర్ర లైటు వెలుగుతోందంటే సౌండ్ పెరుగుతోందని కాదు, శబ్దం తల నరికినట్టు చదునై వెళ్తోందని. దాంతో ముందు హారన్ యూనిట్లలో (సన్నని శబ్దాలు పలికే భాగాల్లో) కాయిల్ కాలుతుంది. నీ లెవెల్ ఆకుపచ్చలో, అప్పుడప్పుడు పసుపు తగిలేలా ఉంచు, పెంచాల్సింది ఆయన వైపు నుంచి పెంచమను. మొదట్లోనే మొత్తం ఇచ్చేయకు. ఏడింటికి తక్కువలో పెడితే తొమ్మిదిన్నరకి కుర్రాళ్లు అడిగినప్పుడు పెంచడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్లు అన్నిటి కంటే చివర, ఆపేటప్పుడు అన్నిటి కంటే ముందు. తిరగేసి చేస్తే స్పీకర్లు “ధడ్” మంటాయి, మండపంలో పసిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు.

పట్టుకెళ్లాల్సినవి. నీ చిన్న కంట్రోలర్‌కి వెనక ఆర్‌సీఏ సాకెట్లే (టీవీ వెనక ఉండే ఎరుపు, తెలుపు గుండ్రటివి) ఉంటాయి, హాలు మిక్సర్ ఎక్స్‌ఎల్‌ఆరో (మైకు వైరుకుండే మూడు పిన్నులది), లావు జాకో అడుగుతుంది. ఆర్‌సీఏ నుంచి ఆ రెండింటికీ మార్చే వైర్లు రెండేసి జతలు ఉంచుకో. ఆర్‌సీఏ వైరు పొడుగు పెరిగితే గోల పట్టుకుంటుంది, కాబట్టి రెండు మూడు మీటర్లే వాడి, ఎక్స్‌ఎల్‌ఆర్ లైనునే నీ బల్ల దాకా తెప్పించుకో. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, విండోస్ అప్‌డేట్ వాయిదా వేసి, స్క్రీన్ నిద్రపోకుండా పెట్టుకో, నోటిఫికేషన్లు మూసెయ్. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉండాలి, అది ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకో. ఎప్పుడైనా వేరేవాళ్ల ప్లేయర్ మీద వెయ్యాల్సి వస్తే, పాత మోడళ్లు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌ని చదవవు. ఇక ఫోన్‌లో గంటసేపు ఆగకుండా వచ్చే మిక్స్ ఒకటి నువ్వే చేసి పెట్టుకుని, ఆ ఫోన్‌ని మిక్సర్‌లో ఇంకో చానెల్‌కి ముందే తగిలించి ఉంచు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో. ముమ్మిడివరంలో ఆ రోజు బోల్టు బిగించి, మీటరు పెట్టి చూశాక, మిగతా రాత్రంతా ఆ ఫోనే లాగింది. అమ్మాయి వాళ్ల తాతగారు వెళ్లేటప్పుడు “తర్వాత వేసినవే బాగున్నాయి బాబూ” అన్నారు.

యూట్యూబ్ నుంచి దింపిన పాటలు వెయ్యకు. ఇంట్లో చిన్న స్పీకర్ మీద తేడా తెలియదు. రెండు పెద్ద బాస్‌ల మీద పెడితే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయినా ఉండాలి.

ఇప్పుడు పాటలు. రిసెప్షన్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, ఏడున్నరకి ఖాళీ కుర్చీల ముందు తమ దగ్గరున్న పెద్ద మాస్ పాట వేసేస్తారు. అప్పుడు జనం స్టేజి మీద లైన్లో నిలబడి ఉంటారు, చేతిలో కవరు, ఫొటోకి తొందర. వాళ్లు మాట్లాడుకుంటే ఒకరికొకరికి వినపడాలి. ఇళయరాజా, రెహమాన్ మెలొడీలు, వాద్యాల మీద వాయించినవి, తక్కువ సౌండ్‌లో. భోజనాల దగ్గర స్పీకర్ ఉంటే అది ఇంకా తగ్గించు. మన వైపు బంతి మీద “ఇంకొంచెం వేసుకోండి” అనే మాట వినపడకపోతే పెట్టేవాళ్లకి మనసు చివుక్కుమంటుంది.

డాన్సులు పిల్లలతో మొదలవుతాయి. ఎనిమిదిన్నరకి ఐదారుగురు పిల్లలు స్పీకర్ల ముందు గెంతుతుంటే వాళ్లని వదలకు, వాళ్ల కోసం రెండు పాటలు వెయ్యి. పిల్లల్ని చూడటానికి అమ్మలు వస్తారు, అమ్మల్ని లాగడానికి పిన్నులు వస్తారు. నేను చేతులు చూడను, కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ల పాదాలు చూస్తాను. పట్టుచీర కుచ్చెళ్ల కింద పాదం తాళం వేస్తోందంటే ఆ వయసు పాట ఇంకొకటి పడితే ఆవిడ లేస్తుంది. ఇలా ఒక పదిమంది ఆడవాళ్లు లేచాక కుర్రాళ్లని పిలవక్కర్లేదు.

పాతవాటితో ఒక చిక్కుంది. డెబ్భైల్లో, ఎనభైల మొదట్లో పాటలు వాద్యగాళ్లంతా కలిసి వాయించి రికార్డు చేసినవి, తాళం యంత్రంలా ఒకే వేగంలో ఉండదు, చరణం దగ్గర కొంచెం జోరందుకుంటుంది. తాళం దెబ్బలకి సాఫ్ట్‌వేర్ గీసిన గీతల వరస, బీట్ గ్రిడ్ అంటారు, అక్కడ జారిపోతుంది. రెండు పాటల వేగాన్నీ తనే కలిపే సింక్ బటన్ నమ్ముకుని రెండు పాతపాటలు కలిపితే గుర్రాలు గుమ్మంలో తన్నుకున్నట్టుంటుంది. కలపకు. మొదటిది పల్లవి ముగిసే చోట ఎకో ఇచ్చి వదిలేసి, రెండోది సరిగ్గా పల్లవి మాట మీద అందుకో. పాట గుర్తుపట్టగానే వచ్చే కేకలో అతుకు కలిసిపోతుంది. తీన్‌మార్ సంగతీ అంతే. అది ఆరు మాత్రల నడక, నీ డాన్స్ పాటలు నాలుగు మాత్రలవి. బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో) అంకెలు సరిపోయినా అడుగులు సరిపోవు. మధ్యలో ఉత్త డప్పు బిట్టో, ఒక్క క్షణం నిశ్శబ్దమో పెట్టి దూకాలి. ఇంకో విషయం, సాఫ్ట్‌వేర్ కొన్ని పాటలకి 75 అని, వాటిలాంటివే కొన్నిటికి 150 అని చూపిస్తుంది. రెండూ ఒకటే వేగం, లెక్కపెట్టడంలో తేడా. ఇంట్లో కూర్చుని వాటిని సరిచేసి పెట్టుకో.

ఒక్కో పాట మొత్తం వెయ్యకు. పల్లవి, ఒక చరణం, మళ్లీ పల్లవి చాలు. కట్టుకుపోయిన వరసే వెయ్యాలని పట్టుదల పెట్టుకోకు. నేను యాభై పాటలు కట్టుకుని వెళ్తే అందులో ఇరవై పడతాయి.

అడిగే పాటల దగ్గరే గొడవలు వస్తాయి. మన జిల్లాల్లో హీరోల అభిమానం సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఒకే హీరో పాటలు వరసగా మూడు పడ్డాయంటే అవతలి బ్యాచ్ వచ్చి నీ బల్ల చుట్టూ నిలబడుతుంది. మార్చి మార్చి వెయ్యి, మధ్యలో ఏ హీరోకీ చెందని జానపదం ఒకటి పడెయ్. పార్టీ పాటలు, కులం పాటలు మాత్రం ఎంతమంది అడిగినా వెయ్యను. నేనే కాదంటే నా మీదకి వస్తారు కాబట్టి, “ఇంటి పెద్దాయన ఒక్క మాట చెబితే వేస్తానండీ” అంటాను. అడగడానికి వెళ్లినవాడు ఇంతవరకూ తిరిగి రాలేదు. డబ్బు నోట్లు ఊపుతూ పాట అడిగేవాళ్లుంటారు, ఆ నోట్లు తీసుకోకు. తీసుకున్నావో, ఆ రాత్రికి నువ్వు వాడి మనిషివి. మందు కూడా అంతే, ప్రోగ్రాం అయ్యేదాకా ముట్టకు.

మైకు ఊరికే బల్ల మీద పెట్టకు, స్విచ్ ఆపి నీ దగ్గరే ఉంచు. ఎవరైనా మాట్లాడతానంటే స్పీకర్‌కి వెనక వైపు నిలబెట్టి ఇవ్వు. స్పీకర్ ముందుకెళ్తే కుయ్‌మంటుంది.

నీది ఇప్పుడు రిసెప్షనే గానీ రేపు పెళ్లికి కూడా పిలుస్తారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకో. నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, ఒక పెళ్లిలో బయట లాన్‌లో కుర్రాళ్లకి వేస్తున్నాను. లోపల జీలకర్రబెల్లం ముహూర్తం అయిపోతోందని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పంతులుగారు చెయ్యెత్తారు, మేళం వాళ్లు గట్టిమేళం ఎత్తుకున్నారు, నా బాస్ ముందు వాళ్ల డోలు వినపడలేదు. సన్నాయి ఊదుతున్న పెద్దాయన ఊదడం ఆపకుండానే తల తిప్పి, గుమ్మంలోంచి నన్ను చూశారు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఇప్పుడు ప్రోగ్రాం ఒప్పుకోగానే శుభలేఖ ఫొటో పంపమంటాను, ముహూర్తం అందులోనే ఉంటుంది కదా. దానికి పది నిమిషాల ముందే ఫేడర్లన్నీ (సౌండ్ పెంచే, తగ్గించే మీటలు) కిందికి దించి, ఒక మైకు మేళం వాళ్ల ముందు పెట్టించి, చేతులు కట్టుకుని కూర్చుంటాను.

ఊరేగింపులకి ఇప్పుడే వెళ్లకు, ఇంకో ఏడాది ఆగు. కాలవగట్టు రోడ్ల మీద బండి మీద స్పీకర్లు పేరిస్తే పైన కరెంటు తీగలు, పక్కన కొబ్బరి మట్టలు, కింద గట్టు అంచు, మూడూ చూసుకోవాలి. చావు జరిగిన ఇల్లు దారిలో ఉంటే దూరం నుంచే పూర్తిగా ఆపేసి దాటాలి, గుడి, మసీదు, చర్చి దగ్గర తగ్గించాలి. ఇవి బండి ముందు నడిచే ఊరి మనిషి నీకు చెబుతుండాలి, నీకై నువ్వు తెలుసుకోలేవు.

రాత్రి పది సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. తలుపులు మూసిన కల్యాణ మండపం లోపల, లోపలివాళ్లకి వినపడేలా పెట్టుకోవడానికి ఈ పది గంటల నిషేధం వర్తించదు. అయినా ఇళ్ల మధ్య రాత్రి పూట పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే, బాస్ గోడలు దాటి వెళ్లిందంటే పక్కింటాయన ఫోన్ చేస్తాడు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లని ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు, అది ముందే కనుక్కో. ఆరుబయట లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక పర్మిషన్ ఉండాలి, అది తీసుకోవాల్సింది ఇంటివాళ్లే, కానీ ఎస్సై గారు వస్తే ముందు పట్టుకెళ్లేది నీ ల్యాప్‌టాప్‌నే. పర్మిషన్ కాగితం ఫొటో నీ ఫోన్‌లో ఉండాలి. పాటల హక్కుల గురించి ఎవరైనా భయపెడితే, 1957 కాపీరైటు చట్టంలోనే పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఉంది. టికెట్లు పెట్టి చేసే న్యూ ఇయర్ పార్టీలకి అది లేదు, అక్కడ లైసెన్సు తీసుకున్నారో లేదో నిర్వాహకుల్ని అడుగు.

చెవులు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు, అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైము సగం అవుతూ పోతుంది. లెక్కేస్తే 100 దగ్గరకి పావుగంటే. స్పీకర్ పక్కన బల్ల వేస్తే నువ్వు నాలుగు గంటలు అందులోనే ఉంటావు. నాకు ఎడమ చెవిలో రాత్రిళ్లు కీచుమని ఒకటే మోత, పడుకునే ముందు ఫ్యాను స్పీడు పెంచుకుంటే గానీ నిద్ర పట్టదు. మ్యూజిక్ వాళ్లు వాడే ఇయర్‌ప్లగ్గులు కొనుక్కో, బల్ల స్పీకర్లకి వెనకగా వేయించుకో.

పాలకొల్లు హాలుకి సాయంత్రం నాలుగింటికే వెళ్లు. ఖాళీ హాలులో శబ్దం గుమ్‌గుమ్‌మని మోగుతుంది, జనం నిండాక ఆ మోత తగ్గిపోతుంది. అందుకని నాలుగింటికి సరిచేసింది ఎనిమిదింటికి పనికిరాదు, అప్పుడు ఒకసారి లేచి చివరి వరస దాకా నడిచి విను. ఆ రెండు నిమిషాలు బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్లు. భోజనానికి నువ్వు లేచినప్పుడూ వాడు కావాలి, “తినకుండా వెళ్తే ఎలా” అని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. తిరిగి వచ్చేటప్పుడు చించినాడ వంతెన మీద రాత్రిపూట లారీలు జోరుగా వస్తుంటాయి, ల్యాప్‌టాప్ బ్యాగ్ వీపున వేసుకుని బైక్ మీద ఒక్కడివీ రాకు, ఇద్దరూ కలిసి నెమ్మదిగా రండి.

బయల్దేరేటప్పుడు ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టి, ఆ అంకె బ్యాగ్ మూత లోపల అంటించు. సర్దుకునేటప్పుడు మళ్లీ లెక్కపెట్టు. నేను ఇంకా అప్పుడప్పుడు ఒక జాక్ ఎక్కడో వదిలేసి వస్తూనే ఉన్నాను.